బస్సు దిగితే అడవి

బ్రిస్టల్ నుంచి చెప్‌స్టో వెళ్ళే బస్సు సెవర్న్ వంతెన ఎక్కేసరికి కింద నీటికంటే బురదే ఎక్కువ కనిపించింది. కనుచూపు మేర మెరుస్తున్న బూడిదరంగు బురద, మధ్యలో పాయలుగా నీళ్ళు. 1966లో కట్టిన ఈ వేలాడే వంతెన ఇంగ్లండునీ వేల్సునీ కలుపుతుంది. అవతలి గట్టు చేరేముందు ఇంకో చిన్న నదిని కూడా దాటిస్తుంది. అది వై నది. దాని కోసమే నేను బయల్దేరాను.

మధ్య వేల్సులోని ప్లిన్‌లిమన్ కొండల్లో పుట్టి, సుమారు 250 కిలోమీటర్లు పారి, వై ఇక్కడ సెవర్న్‌లో కలుస్తుంది. చివరి మజిలీలో చాలా దూరం ఒక ఒడ్డు ఇంగ్లండు, ఇంకో ఒడ్డు వేల్సు. సున్నపురాతి కొండలను కోసుకుంటూ, మెలికలు తిరుగుతూ వస్తుంది. రెండు వైపులా నీటి అంచు దాకా అడవి. 1971లోనే ప్రభుత్వం దీన్ని విశిష్ట ప్రకృతి సౌందర్యం ఉన్న ప్రాంతంగా ప్రకటించి కాపాడుతోంది. బ్రిస్టల్‌లో ఉంటున్న మా మేనకోడలు నా ప్రయాణం సంగతి వినగానే, "కారు అక్కర్లేదత్తా. లోయ పొడుగునా 69 నంబరు బస్సు తిరుగుతుంది. ఒక ఊళ్ళో దిగు, కొండ మీదుగా నడువు, ఇంకో ఊళ్ళో ఎక్కు" అంది. ఆ మాట పట్టుకునే లోయంతా తిరిగాను.

చెప్‌స్టో పట్టణం నది మలుపులో, నిటారుగా లేచిన రాతి అంచున ఉంది. నార్మన్లు ఇంగ్లండును గెలిచిన మరుసటి ఏడే, 1067లో, ఇక్కడ రాతికోట కట్టడం మొదలుపెట్టారు. 800 ఏళ్ళు దాటిన దాని చెక్క తలుపులు ఇంకా ఉన్నాయి. కోట చూసి 1816 నాటి పోతఇనుప వంతెన మీదికి వెళ్ళాను. పొద్దున అక్కడ పడవలు బురద వాలు మీద ఒరిగి ఉన్నాయి. మధ్యాహ్నానికి అదే చోట గోధుమరంగు నీరు నిండుగా, సముద్రం వైపు నుంచి ఎగువకు పరుగెడుతోంది. సెవర్న్ ముఖద్వారంలో ఆటుపోట్ల తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. ప్రపంచంలో ఇంతటి పోటు చూడగలిగే చోట్లు చాలా తక్కువ. మన విశాఖ తీరంలో ఈ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. నది అంటే ఒకే దిక్కుకు పారేదని గోదావరి గట్టున పెరిగిన నా కళ్ళకు అలవాటు. రోజుకు రెండుసార్లు వెనక్కి తిరిగే నదిని చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

69 నంబరు బస్సు చిన్నది. గంటకొకటి కూడా లేదు. స్టాపులో గీతలూ కమ్మీలూ ఏమీ లేవు, అయినా ఎవరు ముందొచ్చారో ఎవరు వెనకొచ్చారో అందరికీ గుర్తే. దిగే ప్రతి మనిషీ డ్రైవరుకు థ్యాంక్స్ చెప్పి మరీ దిగుతున్నారు, బడిపిల్లలతో సహా. నా పక్కన కూర్చున్న పెద్దావిడకు డెబ్భై దాటి ఉంటాయి. బూట్లకు ఎండిన బురద, చేతిలో కర్ర, మెళ్ళో ప్లాస్టిక్ సంచీలో మడిచిన మ్యాపు. నేను కొత్తదాన్నని గ్రహించి ఆవిడే మాట కలిపారు. "పొద్దుటిపూట ఇంగ్లండు ఒడ్డున కొండ ఎక్కండి. ఎండ మీ వీపు మీద ఉంటుంది, కింద మఠం స్పష్టంగా కనిపిస్తుంది" అన్నారు. వేల్సులో అరవై నిండినవాళ్ళకు బస్సు ఉచితం. ఆవిడ వారంలో చాలా రోజులు ఇందులో తిరుగుతారట. "పని లేకపోయినా ఎక్కుతాను. ఎక్కేవాళ్ళు తగ్గితే ఆపేస్తారు. మేం ఎక్కుతున్నాం కాబట్టే ఇది నడుస్తోంది" అన్నారు. లోయలో తిరిగినన్నాళ్ళూ ఆ మాటకు కొత్త అర్థాలు కనిపిస్తూ వచ్చాయి.

రోడ్డు ఒక మలుపు తిరగ్గానే టింటర్న్ మఠం ఎదురవుతుంది. 1131లో సిస్టర్షియన్ సన్యాసులు ఇక్కడ స్థిరపడ్డారు. ఇప్పుడు నిలిచి ఉన్న పెద్ద చర్చి నిర్మాణం 1269లో మొదలైంది. 1536లో ఎనిమిదో హెన్రీ మఠాలను మూయించినప్పుడు సన్యాసులు వెళ్ళిపోయారు, కప్పు మీది సీసం ఊడదీసుకుపోయారు. అప్పటినుంచీ వాన లోపలే పడుతోంది. ఎత్తైన గోడలూ, సన్నటి రాతి కమానులూ, అద్దాలు లేని పెద్ద కిటికీ చట్రాలూ మిగిలాయి. నేల పొడుగునా పచ్చిక. ఏ కిటికీ లోంచి చూసినా కొండ మీది అడవే కనిపిస్తుంది.

ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఈ ఊరి పేరు చూడకముందే తెలుసు. వర్డ్స్‌వర్త్ 1793లో ఒకసారి, 1798 జూలైలో చెల్లెలు డొరొతీతో మరోసారి ఈ లోయలో కాలినడకన తిరిగాడు. రెండోసారి రాసిన కవితకు టింటర్న్ పేరు శాశ్వతంగా అతుక్కుపోయింది. కవిత శీర్షికలో మఠం ఉంది, లోపల మఠం ప్రస్తావనే లేదు. నది, కొండలు, చెట్లు, ఐదేళ్ళలో వాటిని చూసే మనసులో వచ్చిన మార్పు, అంతే. మన భావకవులు ఈ కాల్పనిక కవులను చదువుకుని తెలుగులో కొత్తదారి వేశారు. డిగ్రీ తరగతిలో పరీక్ష కోసం చదివిన కవిత పుట్టింది నడకలోనని, నడిచిన ఒళ్ళు అలసటతో వేడెక్కినప్పుడు గానీ నాకు బోధపడలేదు.

అయితే ఆ కవి చూసిన లోయకూ నేను చూసిన లోయకూ చాలా తేడా ఉంది. ఇక్కడ 1560లలోనే తీగలు లాగే కార్ఖానా వెలిసింది. తర్వాత ఇనుప కొలుములు వచ్చాయి. వాటికి బొగ్గు కావాలి గనక కొండల మీది చెట్లను వంతులవారీగా నరికి, కాల్చి బొగ్గు చేసేవారు. 1770లో పడవ మీద ఈ లోయ చూసి, 1782లో దాని మీద పుస్తకం అచ్చువేసిన విలియం గిల్పిన్, కొండవాలుల మీద లేచే బొగ్గుబట్టీల పొగ గురించీ, మఠం శిథిలాల్లో తలదాచుకున్న బిచ్చగాళ్ళ గురించీ రాశాడు. అంటే నేను అనాది అడవి అనుకుని మైమరచిన పచ్చదనం ఒకప్పుడు పరిశ్రమలకు వంటచెరకు. కొలుములు ఆరిపోయాక, మనుషులు చేయి తీశాక, వేళ్ళు బతికున్న చెట్లన్నీ మళ్ళీ లేచాయి. నరికిన అడవి తిరిగి రాదని నిరాశపడే మనబోటివాళ్ళు వచ్చి చూడాల్సిన చోటు ఇది. మొదలు మిగిల్చితే అడవి తిరిగి వస్తుంది.

తీగల కార్ఖానా కోసం వేసిన పాత రైలు వంతెన మీదుగా నది దాటితే ఇంగ్లండు. అక్కడినుంచి దారి నిటారుగా అడవిలోకి ఎక్కుతుంది. మే నెల మొదటి రోజులు. బీచ్ చెట్ల లేతాకుల్లోంచి వచ్చే వెలుగే పచ్చగా ఉంది. కొంత ఎత్తు ఎక్కాక గాలిలో వెల్లుల్లి వాసన గుప్పుమంది. చూస్తే చెట్ల కింద నేలంతా అడవి వెల్లుల్లి, వెడల్పాటి ఆకులూ తెల్లటి చుక్కల్లాంటి పూలూ. దాన్ని దాటితే బ్లూబెల్ పూలు, వాలు కిందిదాకా నీలం. పెద్ద చెట్లు ఆకు వేసి నేల మీద నీడ కమ్మేలోపే ఈ చిన్న మొక్కలు పూసి, గింజ కట్టి, పని ముగించుకోవాలి. ఆ కొద్ది వారాల తొందరే ఇంత అందం.

దారి పక్కన మనిషి ఎత్తు మట్టికట్ట ఒకటి మొదలై, అడవిలోంచి మనతోపాటు నడుస్తుంది. 757 నుంచి 796 దాకా మెర్షియాను ఏలిన ఆఫా రాజు పేరుతో దాన్ని ఆఫాస్ డైక్ అంటారు. వేల్సు రాజ్యాల వైపు కందకం తవ్వి, ఆ మట్టితో వేసిన సరిహద్దు అది. ఇప్పుడు ఆ పేరుతో సముద్రం నుంచి సముద్రం దాకా 285 కిలోమీటర్ల నడకదారి ఉంది. 1971లో తెరిచారు. మనుషుల్ని ఆపడానికి వేసిన కట్ట వెంబడే ఇవాళ రెండు దేశాల మనుషులూ పలకరించుకుంటూ నడుస్తున్నారు. ఎదురైనవాళ్ళలో పలకరించకుండా పోయినవాళ్ళు దాదాపు లేరు. ఇరుకు దారిలో ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళు పక్కకు జరిగి చోటిస్తారు. కుక్కను తీసుకొచ్చినవాళ్ళు మనం కనిపించగానే పట్టెడ పట్టుకుంటారు.

కొండ అంచున ఒక సున్నపురాతి స్తంభం గాల్లోకి పొడుచుకొచ్చి ఉంది. దాని పేరు సైతాను వేదిక. కింద మఠంలో ఉన్న సన్యాసుల్ని దారి తప్పించడానికి సైతాను దీని మీద నిలబడి ఉపన్యాసాలిచ్చాడని జనం చెప్పుకుంటారు. యూ చెట్ల వేళ్ళు రాళ్ళను పెనవేసుకున్నాయి. బస్సులో పెద్దావిడ చెప్పినట్టే ఎండ నా వెనకనుంచి పడి, కింద నది మెలిక, దాని ఒడిలో కప్పులేని మఠం స్పష్టంగా కనిపించాయి. అక్కడే కూర్చుని మేనకోడలు కట్టిచ్చిన పులిహోర విప్పాను. పక్కన ఫ్లాస్కు టీ తాగుతున్న భార్యాభర్తలు ఓట్స్, పాకం కలిపి కాల్చిన ఫ్లాప్‌జాక్ ముక్క ఇచ్చారు. నేను పులిహోర పెట్టాను. ఈ పులుపు నిమ్మకాయదా అని ఆయన అడిగారు. చింతపండన్నాను. ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఊస్టర్ పట్టణం పేరుతో వాళ్ళ వంటింట్లో ఉండే సాసులో కూడా చింతపండు పడుతుందని చెబితే ఇద్దరూ ఆశ్చర్యపోయి ఇంకో ముద్ద తీసుకున్నారు.

దిగేటప్పుడు దారి ఒక పొలం మధ్యలోంచి పోయింది. గొర్రెలు మేస్తున్నాయి, రైతు ఇల్లు ఎదురుగానే ఉంది. అది ఆయన సొంత భూమి. అయినా కంచెకు నడిచేవాళ్ళ కోసం ఒక చిన్న గేటు, గుంజ మీద పసుపు బాణం గుర్తు ఉన్నాయి. ఆయన నన్ను చూసి చెయ్యెత్తి, తన పని తను చేసుకున్నారు. ఇంగ్లండు, వేల్సుల్లో ఇలా జనానికి నడిచే హక్కున్న దారులు దాదాపు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. భూమి ఎవరిదైనా, దారి అందరిదీ. ఈ హక్కు ఊరికే నిలబడలేదు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి కార్మికులు వందల మంది కట్టుకట్టి వెళ్ళి, జమీందార్ల కాపలాదార్లతో తలపడి, కొందరు జైలుకు పోయారు. 1949లో వచ్చిన చట్టం ప్రతి కౌంటీ తన పరిధిలోని కాలిదారులన్నీ గుర్తించి పటం తయారుచెయ్యాలని ఆదేశించింది. ఆ పటంలో ఎక్కిన దారిని ఎవరూ ఇష్టం వచ్చినట్టు మూసెయ్యలేరు.

ఆ గేటు దగ్గర నాకు మా ఊరి పుంత గుర్తొచ్చింది. చేల మధ్యనుంచి ఏటిగట్టు దాకా పోయే ఆ దారిలో బండ్లూ పశువులూ బడికి పోయే పిల్లలూ నడిచేవారు. కోస్తాలో పుంతలు, డొంకలు, తెలంగాణలో బండ్లబాటలు ఊరూరా ఉన్నాయి. గ్రామ నక్షాలో, రెవెన్యూ రికార్డుల్లో అవి ఊరుమ్మడి భూములే. మనకు పటం కొత్తగా గీయాల్సిన పని లేదు. పటంలో ఉన్న దారి నేల మీద లేకపోవడమే మన బాధ. రెండు వైపులనుంచీ చేలు జరిగి జరిగి, మా పుంత కొన్నిచోట్ల గట్టంత సన్నబడింది. నడిచేవాళ్ళు లేనిచోట అడిగేవాళ్ళూ ఉండరు.

మఠం నుంచి ఎగువకు వెళితే లాండోగో అనే ఊరు వస్తుంది. ఇళ్ళన్నీ కొండవాలు మీద అంచెలంచెలుగా ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడ ట్రో అనే బల్లపరుపు తెరచాప పడవలు కట్టి, పోటు మీద సరుకు వేసుకుని బ్రిస్టల్ దాకా పోయేవారు. బ్రిస్టల్‌లో 1664 నాటి ఒక పబ్బుకు ఇప్పటికీ లాండోగర్ ట్రో అనే పేరుంది. ఊరి వెనక అడవిలో నాచుపట్టిన రాళ్ళ మీదుగా క్లెడన్ జలపాతం దిగుతుంది. మారేడుమిల్లి దారిలో మనకు కనిపించే వాగుల ఉరవడి దీనికి లేదు. సన్నగా, ఎడతెగకుండా పారుతుంది. పైకెక్కితే చిన్న పల్లె, చెట్ల మధ్య ఒక పాత భవనం. బెర్ట్రండ్ రస్సెల్ 1872లో పుట్టింది ఆ ఇంట్లోనే. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించి జైలుకు వెళ్ళిన ఆ తత్వవేత్తను తెలుగులో కూడా ఎందరో ఇష్టంగా చదివారు. ఆయన మొదటి ఊపిరి ఈ అడవి గాలి అని తెలిస్తే ఆ పాఠకులకు సంతోషం కలుగుతుంది.

ఆ సాయంత్రం తిన్న తిండి కూడా చెప్పాలి. గొర్రెమాంసం, లీక్స్, దుంపలు వేసి నిదానంగా ఉడికించే కాల్ అనే పులుసు వేల్సు వాళ్ళ ఇంటి వంట. మసాలా ఏమీ లేదు, మాంసం రుచి మాంసానిది, దుంప రుచి దుంపది. తర్వాత వెన్న రాసిన బారా బ్రిత్, అంటే టీలో నానిన ఎండుద్రాక్షలతో చేసే రొట్టె. చలికి వణుకుతూ వచ్చినవాళ్ళకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

మర్నాడు నది ఒడ్డున ఒకాయన గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి పుస్తకంలో రాసుకుంటున్నారు. ప్రభుత్వోద్యోగి అనుకున్నాను. కాదు, రిటైరైన టీచరట. ఈ నది పొడుగునా ఇలా సొంతంగా నీళ్ళు పరీక్షించేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు కొలిచేది ఫాస్ఫేట్. వై పరీవాహక ప్రాంతంలో 2 కోట్లకు పైగా కోళ్ళను ఫారాల్లో పెంచుతున్నారని అంచనా. ఆ కోళ్ళ ఎరువు పొలాలకు చల్లితే, నేల పీల్చుకోలేని భాస్వరం వానకు కొట్టుకొచ్చి నదిలో చేరుతుంది. వేసవిలో పాచి పెరిగి నీళ్ళు పచ్చబడతాయి. నదికి ప్రాణమైన క్రోఫూట్ అనే తెల్లపూల నీటిమొక్క వెలుగందక చచ్చిపోతుంది. నది వెంబడి సాగే నడకదారి గుర్తు మీద ఎగిరే బొమ్మగా ఉన్న సాల్మన్ చేప నదిలో అరుదైపోయింది. 2023లో ఇక్కడి ప్రకృతి సంరక్షణ సంస్థ ఈ నది స్థితి దిగజారుతోందని అధికారికంగా ప్రకటించింది.

ఆయన మాటలు వింటుంటే నాకు కొల్లేరు కళ్ళముందు కదిలింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రం మాది, కోళ్ళ ఫారం పక్కన పెరిగినదాన్ని. చవక మాంసం, చవక గుడ్డు ఎక్కడైనా నీటి ఖాతాలోనే అప్పు రాస్తాయి. "మీరు కొలిస్తే నది బాగవుతుందా?" అని అడిగాను. "కొలిచిన అంకెలు లేకపోతే మా మాట ఎవరూ వినరు. రోజూ ఈ గట్టున నడిచేవాడికి నీళ్ళ రంగు మారడం ముందు తెలుస్తుంది" అన్నారు. బస్సులో పెద్దావిడ చెప్పిందీ, పొలం గేటు నేర్పిందీ, ఈయన అంటున్నదీ ఒకటే. జనం వాడుకుంటున్నదే జనానిదిగా ఉంటుంది.

మాన్‌మత్ పట్టణంలో మోనో నది మీద 13వ శతాబ్దపు రాతి వంతెన, దాని మధ్యలో కాపలా బురుజు ఉన్నాయి. వంతెన మీదే బురుజు నిలిచి ఉన్నది బ్రిటన్‌లో ఇదొక్కటే. ఊరికి తూర్పున కిమిన్ కొండ. దాని మీద 1794లో పట్టణ పెద్దలు విందులకోసం కట్టుకున్న గుండ్రటి తెల్ల ఇల్లు ఉంది. ఒకప్పుడు పెద్దలు భోంచేస్తూ చూసిన వేల్సు కొండల వరుసను ఇప్పుడు బడిపిల్లలు శాండ్‌విచ్చులు తింటూ చూస్తున్నారు.

తిరుగు దారిలో బస్సును మధ్యలో వదిలేసి విండ్‌క్లిఫ్ ఎక్కాను. 365 మెట్లని పేరు. రాయిలో తొలిచిన ఆ మెట్ల పైన గద్దగూడు అనే వసారా నుంచి నది చివరి మెలికలూ, సెవర్న్ ముఖద్వారమూ, దాని మీద రెండు వంతెనలూ ఒక్క చూపులో అందుతాయి. అక్కడినుంచి చెప్‌స్టో దాకా అంచు వెంబడి నడకదారిని 1750లలో పియర్స్‌ఫీల్డ్ యజమాని వాలంటైన్ మోరిస్ వేయించాడు. ఆయన సంపద ఆంటిగువా చెరుకు తోటల్లో బానిసల చెమట. 1802లో ఆ ఎస్టేటును నథానియల్ వెల్స్ కొన్నాడు. ఆయన సెయింట్ కిట్స్ దీవిలో తోటల యజమానికీ బానిస స్త్రీకీ పుట్టినవాడు. 1818లో మాన్‌మత్‌షైర్ షెరిఫ్ అయ్యాడు, బ్రిటన్‌లో ఆ పదవి పొందిన తొలి నల్లజాతీయుడు. తానూ బానిసల యజమానిగానే ఉన్నాడు. అందమైన దారికి కూడా చేదు చరిత్ర ఉంటుంది. ఇప్పుడా భవంతి శిథిలం, దారి మాత్రం అందరిదీ. ఆ చరిత్ర తెలుసుకుని నడవడం మన బాధ్యత.

ఇంటికొచ్చాక అడిగినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాను. వై లోయకు పాపికొండల ఎత్తు లేదు, గోదావరి నిండుదనం లేదు, నల్లమల విస్తీర్ణం లేదు. దానికున్నవి సామాన్యమైనవి: ఊరూరా ఆగే బస్సు, గుంజ మీద బాణం గుర్తు, కంచెలో చిన్న గేటు, ఆ దారిని వదలకుండా నడిచే జనం. ఇవేవీ మన తాహతుకు మించినవి కావు. మనకు పల్లె వెలుగు బస్సుంది, ఆడవాళ్ళకు అది ఉచితం కూడా. మారేడుమిల్లి అడవిలో ప్రతి బాటా తెలిసిన కొండరెడ్లు ఉన్నారు. వాళ్ళ ఇష్టంతో, వాళ్ళకు జీవనం దొరికేలా నాలుగు నడకదారులు గుర్తించడం అటవీశాఖకు పెద్ద ఖర్చు కాదు. మన వంతు పని ఇంకా సులువు. వచ్చే ఆదివారం మీ ఊరి నక్షాలో పుంత ఎక్కడుందో వాకబు చెయ్యండి. పిల్లల్ని వెంటబెట్టుకుని దాని ఆ చివరిదాకా నడవండి. ఎక్కడ మూసుకుపోయిందో పంచాయతీకి రాసివ్వండి. మళ్ళీ ఆదివారం మళ్ళీ నడవండి. దారి అలాగే నిలబడుతుంది.